పన్నెండు గంటల దీక్ష

మా వీధిలో ఇంటర్ చదివే ఒకమ్మాయి ట్యాబ్ ఉబ్బిపోయింది. ఒక పక్క తెర లేచి, గోరు దూరేంత సందు కనిపిస్తోంది. కొని ఏడాది కూడా కాలేదు. ఇంట్లో విచారణ, తీర్పు రెండూ ముగిశాయి: "చార్జింగులో పెట్టి వాడింది, పోగొట్టింది." తీర్పరి వాళ్ల పెదనాన్న. కొన్న షాపువాడూ అదే మాట అన్నాడట. ఇంకేం, సాక్ష్యం కూడా కుదిరింది.

నిజానికి ఆ ట్యాబ్‌కు జరగని సంస్కారం లేదు. కొన్నది మంగళవారమని ఆ రోజు పెట్టె విప్పలేదు. మర్నాడు దేవుడి ముందు పెట్టి, పసుపు రాసి, కుంకుమ అద్ది, హారతిచ్చారు. బొట్టు సరిగ్గా కెమెరా మీద పడింది. అక్షింతల్లోని నూకగింజ ఒకటి చార్జింగు రంధ్రంలోకి దూరితే పిన్నీసుతో కెలికి తీశారు. ఆ తర్వాత అసలు దీక్ష మొదలైంది. స్విచాఫ్ చేసి పన్నెండు గంటలు చార్జింగు, ఈలోగా ఎవరూ ముట్టకూడదు. అదే పూట ఆ పిల్లకు ఆన్‌లైన్‌లో ఈఏపీసెట్ నమూనా పరీక్ష ఉంది. "ఒక పరీక్ష పోతే ఏమైందమ్మా, బ్యాటరీ పోతే ఎవడిస్తాడు?" అన్నారు పెదనాన్న. పిల్ల నోరెత్తలేదు. అంత ఖరీదు పెట్టి కొన్నవాళ్లకు ఎదురు చెప్పే అలవాటు ఆ ఇంట్లో ఆడపిల్లలకు లేదు.

దీక్ష ముగిసినా నియమాలు ముగియలేదు. ప్రతిసారీ సున్నాకు దించాలి, ప్రతిసారీ వందకు నింపాలి. పాఠం మధ్యలో బ్యాటరీ గుర్తు ఎర్రబడినా ప్లగ్గు పెట్టకూడదు. ఆరిపోయాకే పెట్టాలి, పెట్టాక ముట్టకూడదు. అంటే చార్జింగు అయినంతసేపూ చదువు బంద్. దసరా సెలవులకు ఊరెళ్తూ ఖాళీ అయిన ట్యాబ్‌ను అలాగే బీరువాలో పెట్టి తాళం వేశారు.

నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలంనాటి మాటలివి. ఇప్పటి ట్యాబ్‌లలో ఉండే లిథియం అయాన్ బ్యాటరీని సోనీ బజారులోకి తెచ్చింది 1991లో. దానికి బాట వేసిన ముగ్గురికి 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ కూడా వచ్చింది. వారిలో జాన్ గుడెనఫ్ వయసు అప్పటికి 97. తొంభై దాటాక కూడా కొత్త బ్యాటరీల మీద పనిచేసిన మనిషి. మన పెద్దలకు అరవై దాటితే కొత్త మాట చెవికెక్కదు.

ఈ బ్యాటరీకి తొలి చార్జింగు ఫ్యాక్టరీలోనే అయిపోతుంది. అక్కడ మెల్లగా చార్జి చేసేటప్పుడే లోపలి గ్రాఫైట్ మీద ఒక సన్నని పొర కడుతుంది. ఆ పొర ఉంటేనే బ్యాటరీ నిలుస్తుంది. ఇంట్లో మనం చేయడానికి ఏమీ మిగలదు. సెల్లు సాధారణంగా 4.2 వోల్టులకు, కొన్ని రకాల్లో ఇంకాస్త పైకి చేరి నిండగానే లోపలి సర్క్యూటే కరెంటు ఆపేస్తుంది. ఆ తర్వాత ఎన్ని గంటలుంచినా అది ప్లగ్గుకు పెట్టిన నైవేద్యమే. అసలు అపచారం సున్నాకు దించడం. తెర మీద సున్నా కనిపించినా అడుగున కాస్త మిగిలే ఉంటుంది. కానీ ఖాళీగా వారాల తరబడి వదిలేస్తే అదీ కారిపోతుంది. వోల్టేజి మరీ పడిపోతే లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. బీరువాలో దాచాలంటే సగం చార్జితో దాచాలి.

మా తాతయ్య టార్చి సెల్లులు అయిపోతే పిట్టగోడ మీద ఎండలో పెట్టేవాడు. సాయంత్రానికి లైటు గుడ్డిగానైనా వెలిగేది. వేడికి ఆ పాత సెల్లులోని రసాయన చర్య కాస్త పుంజుకుంటుంది. తాతయ్యకు కారణం తెలియకపోయినా ఫలితం కంటికి కనపడింది. కనపడకపోతే రెండో రోజు పెట్టేవాడు కాదు. పెదనాన్న దీక్షకు ఆ పరీక్ష లేదు. బ్యాటరీ బాగుంటే దీక్ష మహిమ, పోతే పిల్ల తప్పు. వ్రతం ఫలించకపోతే వ్రతాన్ని ఎవరూ అనుమానించరు, చేసినామె మడిని అనుమానిస్తారు. కోడలికి పిల్లలు పుట్టకపోయినా, కొడుక్కి ఉద్యోగం రాకపోయినా మన ఇళ్లలో నడిచే న్యాయం ఇదే. దోషి ఎప్పుడూ ఇంట్లో అందరికన్నా నోరు లేని మనిషే అవుతుంది. ఇప్పుడు ఆ న్యాయాన్ని ట్యాబ్‌కు కూడా వర్తింపజేశారు.

"మరి ఫోన్లు పేలిపోవడం లేదా?" అంటారు. 2016లో శాంసంగ్ నోట్ 7 ఫోన్లు కాలిపోయాయి. లోపం బ్యాటరీల డిజైనులో, తయారీలో ఉందని తర్వాతి ఏడాది ఆ కంపెనీయే ఒప్పుకుంది. ఆ ప్రకటనలో తప్పును వాడినవాళ్ల మీదికి నెట్టలేదు. ఒక కంపెనీకి ఉన్నపాటి మర్యాద మన వరండాల్లో లేకపోయింది.

బ్యాటరీకి నిజమైన శత్రువు వేడి. ఐప్యాడ్‌ను 35 డిగ్రీలు దాటని చోట వాడమని ఆపిల్ చెబుతుంది. మే నెలలో ఎండలకు పేరుమోసిన రెంటచింతలలో 45 కూడా దాటుతుంటుంది. ఆ ఎండలో ట్యాబ్‌ను స్కూటర్ డిక్కీలో పడేసినా, రాత్రి పరుపు మీద దుప్పటి కింద చార్జింగుకు పెట్టినా ఎవరూ అడ్డు చెప్పరు. చార్జి అవుతుండగా పెద్ద గేమ్ ఆడితే వేడెక్కుతుంది, నిజమే. పాఠం చదువుకుంటే ఏమీ కాదు. ఇరవైకి దిగితే ప్లగ్గు పెట్టండి. చాలా కొత్త ట్యాబ్‌లలో ఎనభై దగ్గర ఆపేసే ఏర్పాటు సెట్టింగ్స్‌లోనే ఉంది. అది నొక్కడానికి కూడా ముహూర్తం కావాలంటే రాహుకాలం వెళ్లేదాకా కూర్చోండి, ఈలోగా పిల్లను చదువుకోనివ్వండి.