ఉన్న ల్యాప్‌టాప్‌లోనే క్లౌడ్ పాఠం

రెజ్యూమెలో ‘క్లౌడ్’ అని రాసుకోవడం తేలికే. ‘8 జీబీ ల్యాప్‌టాప్‌లో రెండు వర్చువల్ మెషీన్లు నడపాలి, ర్యామ్ ఎలా పంచుతారు?’ అని ఇంటర్వ్యూలో అడిగితే మాత్రం చాలామందికి నోరు పెగలదు. ఖరీదైన ల్యాప్‌టాప్ ఉంటే తప్ప ఇవన్నీ నేర్చుకోలేమన్న అపోహ మనలో బాగా ఉంది. కొత్తది కొనడానికి ఇంట్లోవాళ్లతో అప్పు చేయించే ముందు, ఇప్పుడున్నది ఏం చేయగలదో చూడండి.

వర్చువల్ మెషీన్ అంటే కంప్యూటర్‌లో ఇంకో కంప్యూటర్. అసలు సిస్టమ్‌ను హోస్ట్ అనీ, లోపలిదాన్ని గెస్ట్ అనీ అంటారు. రెండింటికీ హార్డ్‌వేర్‌ను పంచేది హైపర్‌వైజర్. అయితే అది అన్నింటినీ ఒకేలా పంచదు. అసలు కిటుకు ఇక్కడే ఉంది.

ప్రాసెసర్‌ది వంతుల లెక్క. గెస్ట్‌కు రెండు కోర్లు ఇచ్చినా, అది ఖాళీగా ఉన్నప్పుడు ఆ సమయాన్ని హోస్ట్ వాడేసుకుంటుంది. ర్యామ్ అలా కాదు. గెస్ట్ ఒకసారి వాడిన మెమరీ మామూలుగా దాన్ని ఆపేదాకా దాని దగ్గరే ఉండిపోతుంది. 8 జీబీలో 6 గెస్ట్‌కే ఇచ్చేస్తే విండోస్ నత్తనడక నడుస్తుంది. డెస్క్‌టాప్ లేని ఉబుంటు సర్వర్‌తో నేర్చుకోవడానికి 1.5 జీబీ సరిపోతుంది. అలాంటివి రెండు పెట్టినా హోస్ట్‌కు ఇంకా 5 జీబీ మిగులుతుంది. పై ప్రశ్నకు జవాబు ఇదే.

డిస్క్‌కు ‘డైనమిక్’ పద్ధతిలో 25 జీబీ కేటాయించినా ఫైల్ మొదట చిన్నగానే ఉంటుంది. వాడేకొద్దీ పెరుగుతుంది, లోపల డేటా తీసేసినా తనంతట తాను తగ్గదు. పెన్‌డ్రైవ్‌ను గెస్ట్‌కు ఇచ్చారా, హోస్ట్‌లో మాయమవుతుంది. అది ఒకేసారి ఇద్దరికీ చెందదు మరి.

వర్చువలైజేషన్‌కు కావాల్సిన సాయాన్ని ఇంటెల్ 2005లో, ఏఎండీ 2006లో ప్రాసెసర్‌లోనే పెట్టాయి. మీ విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ నొక్కండి. ‘వర్చువలైజేషన్: ఎనేబుల్డ్’ అని లేకపోతే బయోస్‌లోకి వెళ్లి ఆన్ చేసుకోవాలి.

ఇక పని మొదలుపెట్టండి. వర్చువల్‌బాక్స్, ఉబుంటు రెండూ ఉచితమే. ఒక గెస్ట్‌లో వెబ్ సర్వర్, రెండోదాంట్లో డేటాబేస్ పెట్టి కలపండి. మామూలు ‘నాట్’ సెట్టింగ్‌లో అవి ఒకదానికొకటి కనిపించవు. ‘నాట్ నెట్‌వర్క్’ ఎంచుకోండి. ర్యామ్ తగ్గిస్తూ ఎక్కడ మొరాయిస్తుందో చూసి రాసుకోండి.

అమెజాన్ 2006లో ఈసీ2 పేరుతో అద్దెకివ్వడం మొదలుపెట్టింది వర్చువల్ మెషీన్లనే. వాళ్లు వేల సర్వర్లలో చేసే పంపకాన్నే మీరు ఒక ల్యాప్‌టాప్‌లో చేస్తున్నారు. కోర్సులు వద్దని కాదు, ఈ పని చేశాక చేరితే అక్కడ చెప్పేది బుర్రకెక్కుతుంది. ఇంటర్వ్యూలోనూ బట్టీ పట్టిన నిర్వచనం కంటే, చేసి చూసిన నాలుగు ముక్కలకే విలువెక్కువ.