కంప్యూటరుతో మేల్కొనవలసిన వెవ్వి?



చిలకలూరిపేట దాపుననున్న యొక పల్లెనుండి ఒక సోదరి మాకు జాబు వ్రాసినారు. వారి యింట నొక కంప్యూటరు కలదు. పగలు కుమార్తె చదువునకు, రాత్రులు పత్తితీతల, మిరపకోతల కూలి లెక్కలకు, గుంటూరు యార్డునకు పంపిన టిక్కీల తూనికలు వ్రాసికొనుటకు అదియే యాధారము. మీట నొక్కి వంటయింటిలోనికి పోయి, డికాక్షను దిగి, పాలు కాగి, కాఫీ కలిపికొని వచ్చునప్పటికిని అది పనికి సిద్ధము కాదట. మరమ్మతు చేయువాడు వచ్చి, "దీనితోపాటు లేచు ప్రోగ్రాముల నన్నిటిని ఆపివేసెదనమ్మా, లేనిచో క్రొత్తది కొనుడు" అనినాడట. అన్నిటిని ఆపింపవచ్చునా యని వారి ప్రశ్న.

ఆపింపవలదని మా యభిప్రాయము. అట్లని అన్నిటిని లేవనిచ్చుటయు తగదు. ఏది యంత్రముతో లేవవలెనో, ఏది పిలుచువఱకు పండుకొనవలెనో ఆ యంత్రముతో పనిచేయువారు నిర్ణయింపవలెను. బీరువా తాళపుచెవులు కొంగున కట్టుకొని తిరుగు మనము, ఈ యొక్క జాబితాను మాత్రము దారినపోవువాని చేతిలో పెట్టుట యేమి?

ఈ గుంపు ఎట్లు చేరినదో మొదట తెలిసికొనవలెను. వెనుకటి డాస్ యంత్రములలో ఆటోఎగ్జెక్ అను చిన్న పత్రముండెడిది. మొదట నడువవలసినవాని పేర్లు అందు వరుసగా నుండెడివి. యజమానులు తామే తెఱచి దానిని దిద్దుకొనెడివారు. నేడు ప్రోగ్రామును ఎక్కించు సమయమున అదియే తన పేరును జాబితాలో వ్రాసికొనుచున్నది. మనము చదువక "సరే" యని నొక్కుచున్నాము. పిలువని పేరంటమునకు వచ్చినవారు పీటలన్నియు నాక్రమించిన తీరున, పాటలదియు, ఆటలదియు, ముద్రణయంత్రము అమ్మినవారిదియు ఒక్కసారిగా లేచి కూర్చుండును. తిరుగుడు డిస్కుగల పాతయంత్రములో వాని కన్నిటికి ద్వార మొక్కటియే. ఫాల్గుణమాసమున మిరపయార్డు వాకిట లారీలు నిలిచినట్లు అవి నిలిచిపోవును. మన పని ఆ వెనుక నెక్కడనో యుండును.

జాబితాను చూచుట సులభము. కంట్రోల్, షిఫ్టు, ఎస్కేప్ అను మూడు మీటలను కలిపి నొక్కినచో టాస్క్ మేనేజరు తెఱచుకొనును. అందు స్టార్టప్ అను పుట కలదు. విండోసులో ఇది 2012లో వచ్చిన 8వ కూర్పునుండి ఇచ్చటనే యున్నది. ప్రతి పేరున కెదురుగా దాని భారము హై, మీడియం, లో అని వ్రాసియుండును. లేచునప్పుడు ప్రాసెసరు కాలము 1 సెకనునకు మించి గాని, డిస్కుపై 3 ఎంబీలకు మించి గాని వాడుకొన్న దానిని హై యందురు. ఇది బరువు చెప్పునే గాని అవసరము చెప్పదు. బరువైనదే మనకు మిక్కిలి కావలసినది కావచ్చును.

కావున ప్రతి పేరునొద్దను మే మడుగు ప్రశ్న యొక్కటియే: ఇది నిద్రించుచుండగా మనకు తెలియకయే చెడిపోవున దేమైన నున్నదా? లేనిచో పండుకొననిండు. పాటలు కావలసినప్పుడు పాటల ప్రోగ్రామును మనమే తెఱచుకొందుము. అంతవఱకు అది లేవకున్నను ఎవరికి నష్టము లేదు. ఆటలకును ఇదే న్యాయము.

నష్టము తెలియకయే జరుగునది వేఱు. మే మెఱిగిన యొక యింట ఇట్లే ఒకడు వచ్చి అన్నిటిని ఆపిపోయినాడు. యంత్రము చుఱుకుగా లేచినది, అందఱును సంతోషించిరి. ఆపినవానిలో వన్‌డ్రైవు ఒకటి. కంప్యూటరులోని పత్రములను, ఛాయాపటములను ఎప్పటికప్పుడు వేఱొకచోట నకలుచేసి దాచునది అదియే. నాలుగు మాసములకు డిస్కు చెడినది. ఆ నాలుగు మాసములలోనే అత్తగారు కాలము చేసిరి. ఆమె కడపటి సంక్రాంతినాటి చిత్రములు ఆ డిస్కులో తప్ప మఱెచ్చటను లేవు. కూలి లెక్కలనైన మేస్త్రీ చీటీలు చూచి మరల వ్రాసికొనిరి. అట్టి నకలు ప్రోగ్రాము మీ యింట నుండి, దానినే నమ్మియున్నచో, అదెంత బరువైనను లేవనిండు. వన్‌డ్రైవు ఉచితముగా నిచ్చు చోటు 5 జీబీలే గనుక, అది నిండినదేమో యప్పుడప్పుడు చూచుచుండవలెను. నిండినచో లేచియు క్రొత్తవానిని దాచలేదు.

తెలుగు వ్రాతయు విచారింపదగినదే. అను స్క్రిప్ట్ మేనేజరు వంటి ప్రత్యేక సాధనముతో వ్రాయువారికి అది నడుచుచుండవలెను. లేనిచో తెలుగు మీటలు పలుకవు. దినమును వ్రాయువారు ఉంచుకొనుడు. మాసమున కొకజాబు వ్రాయువారు అప్పుడే తెఱచుకొనవచ్చును. 2019 మే మాసపు విండోసు కూర్పుతో ఉచ్చారణ ననుసరించి వ్రాయు తెలుగు మీటలపలక లోపలనే లభించుచున్నది. దానిని వాడువారికి ఈ చింత లేదు.

విండోసు సెక్యూరిటీ పేరున నుండునది గుఱుతును చూపునదే. కాపలా వేఱుగా నడుచును. అది మిక్కిలి తేలిక, ఉండనిండు. శబ్దమునకు, వ్రేలితో రాయు పలకకు సంబంధించినవియు నట్లే. తరగతుల, సంభాషణల ప్రోగ్రాములను గుఱించి మాత్రము కుమార్తెనడిగి చేయవలెను. ఉపాధ్యాయుల కబురు దానిలోనే వచ్చునేమో ఆ పిల్లకే తెలియును. పెద్దలమని మనమాపి, పరీక్షవేళ మాఱిన సంగతి ఆమెకు చేరకున్న నెవరు బాధ్యులు?

పేరు తెలియని దానిపై కుడిమీట నొక్కినచో వెదకుటకు మార్గము కనబడును. దినమునకు రెండింటికంటె నెక్కువ ఆపకుడు. ఆపినదాని పేరును తేదీతో నోటుపుస్తకమున వ్రాసికొనుడు. ఏదైన చెడినచో కారణమేదియో అప్పుడు తెలియును. డిసేబుల్ అనగా తీసివేయుట కాదు. మరల ఎనేబుల్ అని నొక్కిన యథాస్థితికి వచ్చును. విండోసు మేల్కొనుటకు అత్యవసరములైనవి ఈ జాబితాలోనికే రావు గనుక వెఱపు వలదు.

ఇక క్రొత్తది కొనవలెనా యను మాట. ఆ టాస్క్ మేనేజరులోనే పెర్ఫార్మెన్స్ అను పుట కలదు. నేటి కూర్పులలో డిస్కు పేరునొద్ద హెచ్‌డీడీ యనియో, ఎస్ఎస్‌డీ యనియో వ్రాసియుండును. హెచ్‌డీడీ యైనచో, జాబితా తగ్గించిన తరువాతను ఆలస్యము తీరకున్నచో, ఆ డిస్కును మార్పించుటయే మేలు. యంత్రము మొత్తము కొనుటకంటె అది చాల తక్కువ వ్యయము. అయితే విండోసు 10కి ఉచితమైన సాధారణ రక్షణ మార్పులు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. మీ యంత్రము 11కు చాలునో లేదో ముందు అడిగి తెలిసికొనుడు. డిస్కును అప్పగించుటకు ముందురాత్రియే టిక్కీల తూనికలను, చిత్రములను పెన్‌డ్రైవులోనికి నకలు చేసి, అది తెఱచుకొనుచున్నదో లేదో వేఱొక యంత్రమున చూచుకొనుడు.