రసీదు కోసమా, తల కోసమా? ఆర్.ఎస్. పురం నేర్పిన హెల్మెట్ లెక్క

ద్విచక్ర వాహనంపై శిరస్త్రాణం లేకుండా పట్టుబడితే చెల్లించవలసిన సొమ్ము సరిహద్దుకు ఇరువైపులా ఇప్పుడు ఒక్కటే. తమిళనాడు ప్రభుత్వం 2022 అక్టోబరులో ఈ జరిమానాను వెయ్యి రూపాయలకు పెంచింది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 మార్చి 1 నుంచి అదే మొత్తాన్ని కఠినంగా వసూలు చేయడం మొదలయింది. రెండింటికీ మూలం 2019లో సవరించిన కేంద్ర మోటారు వాహనాల చట్టం. అందులోని 194-డి సెక్షను జరిమానాతోపాటు మూడు నెలలపాటు లైసెన్సుకు అనర్హత విధించే వీలు కూడా కల్పించింది. కుప్పం నుంచి కృష్ణగిరికో, పలమనేరు నుంచి గుడియాత్తానికో బండిపై వెళ్లివచ్చే కుటుంబాలకు ఇన్నాళ్లూ రాష్ట్రం మారితే రివాజు మారేది. ఆ వెసులుబాటు ఇక లేదు. బీరువాపైన దుమ్ము పట్టిన పాత హెల్మెట్లు మళ్లీ కిందికి దిగుతున్నాయి. వాటిలో ఎన్ని తలకు పనికివస్తాయన్నదే అసలు ప్రశ్న.

ఈ దారిలో మనకంటే ముందు నడిచినవారు కోయంబత్తూరు తెలుగువారు. విజయనగర, నాయక రాజుల కాలం నుంచి కొంగునాట స్థిరపడిన ఈ కుటుంబాలు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుతూ ఆ నగరం పరిశ్రమలను నిలబెట్టాయి. ఆ ఊరికి యంత్రాలంటే మోజు కూడా పాతదే. అక్కడి తెలుగు కుటుంబంలో పుట్టిన జి.డి. నాయుడు (1893–1974) యుక్తవయస్సులో హోటలులో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో ఒక ఆంగ్లేయ అధికారి మోటారు సైకిలును కొని, విప్పి, మళ్లీ బిగించి చూశాడన్న సంగతి ఆ ప్రాంతంలో పిల్లలకు సైతం తెలుసు. 2025 అక్టోబరులో అవినాశి రోడ్డుపై ప్రారంభమైన పది కిలోమీటర్ల పైవంతెనకు ఆయన పేరే పెట్టారు. రత్నసభాపతి ముదలియార్ పేరిట వెలసిన ఆర్.ఎస్. పురంలో దివాన్ బహదూర్ రోడ్డు, తడాగం రోడ్డు పొద్దున లేచింది మొదలు బండ్లతో నిండి ఉంటాయి. తమిళులు ‘తలైక్కవసం’ అన్నా, తెలుగు పత్రికలు ‘శిరస్త్రాణం’ అని రాసినా, అక్కడి తెలుగు ఇళ్లలో దాని పేరు హెల్మెట్టే.

తమిళనాడులో హెల్మెట్ నిర్బంధం కొత్తగా వచ్చింది కాదు. అయితే జనం గట్టిగా గుర్తుపెట్టుకున్నది 2015 సంవత్సరాన్ని. ఆ ఏడాది జూలై 1 నుంచి హెల్మెట్ తప్పనిసరిగా అమలు చేయాలని మద్రాసు హైకోర్టు ఆదేశించింది. హెల్మెట్ లేనివారి పత్రాలను స్వాధీనం చేసుకుని, ఐ.ఎస్.ఐ. ముద్ర ఉన్న కొత్త హెల్మెట్‌నూ కొన్న రసీదునూ చూపిన తర్వాతనే తిరిగి ఇవ్వాలన్నది ఆ ఆదేశంలోని పదునైన అంశం. ఫలితం ఊహించినదే. గడువు సమీపించేకొద్దీ దుకాణాల ముందు గుంపులు చేరాయి, ధరలు పెరిగాయి, రోడ్డు పక్కన గోనెపట్టాలపై హెల్మెట్ల రాశులు వెలిశాయి. కొనేవాడు తన తల కొలత అడగలేదు, అమ్మేవాడు చెప్పలేదు. కోర్టు ఉద్దేశం తలను కాపాడడం. అంగడిలో జరిగింది రసీదు కొనుగోలు. అలా కొన్న హెల్మెట్లు కొద్ది నెలలకే పెట్రోలు ట్యాంకుపైకీ, అద్దపు కొమ్మకూ, ముంజేతికీ చేరుకున్నాయి. పోలీసు కనబడినప్పుడు తలకెక్కి, మలుపు దాటగానే దిగిపోయే హెల్మెట్ ఆ నాటి సంతానమే.

ఇప్పుడు సరిహద్దుకు ఇవతల అదే తొందర కనబడుతున్నది. తొందరలో మరుగున పడేది సౌఖ్యం. ‘తలనొప్పి వస్తుంది, చెమట పోస్తుంది, వెనుక వచ్చే బండి వినబడదు’ అని చెప్పేవాడు సాకులు వెతుకుతున్నాడనుకోవడం అధికారులకు సులువు. కానీ చాలాసార్లు అతడు చెప్పేది నిజమే. కొలత కుదరని హెల్మెట్ నుదుటిని నొక్కి పావుగంటలో తలనొప్పి తెస్తుంది. వదులుగా ఉన్నది గుంటలో బండి దిగినప్పుడల్లా కళ్లపైకి జారుతుంది. ఇబ్బంది పెట్టే వస్తువును మనిషి ఎక్కువ కాలం భరించడు. కనుక సౌఖ్యాన్ని ధనవంతుల విలాసంగా చూడరాదు. అనేక దేశాల పరిశోధనలను క్రోడీకరించి 2008లో వెలువడిన కాక్రేన్ సమీక్ష ప్రకారం హెల్మెట్ మరణ ప్రమాదాన్ని సుమారు 42 శాతం, తల గాయాల ప్రమాదాన్ని సుమారు 69 శాతం తగ్గిస్తుంది. ఆ మేలు తలపై ఉన్న హెల్మెట్‌దే తప్ప హ్యాండిల్‌కు వేలాడేదానిది కాదు.

మరి పాతదాన్ని మార్చాలా, వద్దా? ఖర్చు గురించి ఆలోచించే కుటుంబం మొదట ఇక్కడే ఆగాలి. హెల్మెట్‌లో బయట కనబడే గట్టి డొప్ప ఒకటి, దాని లోపల తెల్లటి థర్మోకోల్ వంటి పొర మరొకటి, తలకు తగిలే మెత్త ఇంకొకటి. ప్రాణం కాపాడే పనిలో ఎక్కువ భాగం ఆ తెల్లపొరదే. దెబ్బ తగిలినప్పుడు అది నలిగి, తల మీదికి రావలసిన తాకిడిని తాను మింగుతుంది. ఒకసారి నలిగిన చోట మళ్లీ ఉబ్బదు. అందువల్ల తలపై ఉండగా ఒక పెద్ద పతనాన్ని చూసిన హెల్మెట్, పైకి గీత కూడా లేకపోయినా, తన పని ముగించినట్లే. దానికి మరమ్మతు లేదు. పడకపోయినా చెమట, తల నూనె, ఎండ, పెట్రోలు ఆవిరి కలిసి లోపలి పదార్థాన్నీ జిగురునూ బలహీనపరుస్తాయి. సుమారు ఐదేళ్లకు ఒకసారి మార్చడం మంచిదని నిపుణులు సూచిస్తారు. కొన్న రోజు గుర్తులేకపోతే తయారైన నెల, సంవత్సరం కోసం లోపలి చీటీ చూడవచ్చు. అలాగని ప్రతి అసౌకర్యానికీ కొత్త హెల్మెట్టే మందు కాదు. వయసు మీరని, దెబ్బ తినని హెల్మెట్‌లో మెత్త చివికినా, ముందు అద్దం గీతలు పడి రాత్రి ఎదురు దీపాలకు కళ్లు చెదిరినా, ఆ భాగాలను మాత్రమే మార్చుకోవచ్చు. పేరున్న కంపెనీల మోడళ్లకు ఇవి కొద్ది వందల రూపాయలలోపే విడిగా దొరుకుతాయి. ఈ మాట దుకాణదారు తనంతట తాను చెప్పడు, అడగాలి.

కొత్తది కొనక తప్పనప్పుడు దుకాణానికి తీసుకువెళ్లవలసిన మొదటి సాధనం దర్జీ టేపు. కనుబొమలకు ఒక అంగుళం పైన, చెవుల మీదుగా, వెనుక తల ఉబ్బెత్తుగా ఉన్న చోటు చుట్టూ కొలవాలి. అంగడిలో సాధారణంగా కనబడే 580, 600 వంటి అంకెలు ఈ చుట్టుకొలత మిల్లీమీటర్లే. అయితే అంకె ఒకటే చాలదు. కొందరి తల ముందువెనుకలకు పొడవుగా ఉంటుంది, కొందరిది గుండ్రంగా. ఒకే 580లో ఒక కంపెనీది నుదుటిని కరిస్తే మరో కంపెనీది హాయిగా కూర్చుంటుంది. దీన్ని తలకు పెట్టి చూడడం తప్ప మరో ఉపాయం లేదు. కొత్త హెల్మెట్ బుగ్గలను కాస్త గట్టిగానే పట్టుకోవాలి. వాడుకలో మెత్త అణిగి సర్దుకుంటుంది. బుగ్గల బిగువు మంచిది, నుదుటిపై ఒకే చోట గుచ్చే నొప్పి చెడ్డది. ఈ తేడా తెలియకనే చాలామంది ఒక కొలత పెద్దది కొని తెచ్చుకుంటారు. పెట్టుకుని పది పదిహేను నిమిషాలు దుకాణంలోనే తిరగాలి. కళ్లజోడు వాడేవారు అది పెట్టుకునే పరీక్షించాలి. పట్టీ బిగించి, వెనుక అంచు పట్టుకుని ముందుకు నెట్టినప్పుడు హెల్మెట్ ఊడి రాకూడదు. ఊడి వస్తే ఎంత అందంగా ఉన్నా తిరిగి ఇచ్చివేయడమే. పట్టీ బిగించని హెల్మెట్ చట్టం దృష్టిలోనూ హెల్మెట్ కాదు. పట్టీతో తలకు భద్రంగా బిగించి ఉండాలని 129వ సెక్షను స్పష్టంగా చెబుతున్నది.

చెమట సంగతికి వస్తే, ముందు, వెనుక గాలి రంధ్రాలు ఉండి, లోపలి మెత్త విప్పి ఉతికే వీలున్న మోడల్‌కు వంద, రెండు వందలు ఎక్కువ పెట్టడం వృథా కాదు. పాలక్కాడు కనుమ గాలి తగిలే కోయంబత్తూరు కంటే చిత్తూరు ఎండ కఠినమైనది. తలకు పలుచని నూలుగుడ్డ చుట్టుకోవచ్చు. మందపాటి తువ్వాలు చుట్టి పైన హెల్మెట్ పెడితే మాత్రం కొలత తప్పి, దెబ్బ తగిలిన క్షణంలో అది జారిపోయే ప్రమాదం ఉంది.

ధర విషయంలో ఒక భ్రమ తొలగాలి. ఖరీదు పెరిగినకొద్దీ రక్షణ పెరుగుతుందన్న నియమం లేదు. 2007 నుంచి హెల్మెట్లను పరీక్షించి నక్షత్రాలు ఇస్తున్న బ్రిటన్ ప్రభుత్వ పథకం ‘షార్ప్’లో తక్కువ ధరవి సైతం ఐదు నక్షత్రాలు పొందాయి. మన దేశంలో 2021 జూన్ 1 నుంచి ఐ.ఎస్.ఐ. ముద్ర లేని ద్విచక్ర వాహన హెల్మెట్‌ను తయారు చేయడం, అమ్మడం చట్టవిరుద్ధం. ముద్రకు పైన ఐ.ఎస్. 4151 అన్న ప్రమాణం సంఖ్య, కింద సి.ఎం/ఎల్ తో మొదలయ్యే లైసెన్సు సంఖ్య ఉండాలి. ఆ సంఖ్యను ఫోనులోని ‘బి.ఐ.ఎస్. కేర్’ యాప్‌లో వేస్తే తయారీదారు పేరు కనబడుతుంది. హెల్మెట్‌పై ఉన్న పేరు వేరైతే ఆ ముద్ర కాగితపు ముక్కే. ఫరీదాబాదు స్టడ్స్, బెళగావి వేగా వంటి దేశీయ కంపెనీల సాదా మోడళ్లు సుమారు వెయ్యి నుంచి పదిహేను వందల రూపాయల లోపు దొరుకుతాయి. రంగుల బొమ్మలకు, నల్లటి అద్దానికి పెట్టే అదనపు సొమ్ము తలకు చేరదు. నల్లటి అద్దం రాత్రి పల్లె దారిలో అపాయకరం కూడా. ఇంటర్నెట్‌లో వందో రెండు వందలో మిగలవచ్చు గానీ, పెట్టుకుని చూసే అవకాశం పోతుంది. ఒకసారి దుకాణంలో కొలత, మోడల్ తేల్చుకున్నవారికి మాత్రమే అది లాభసాటి.

ఇక ఇంటిల్లిపాదీ మౌనంగా దాటవేసే విషయం ఒకటి ఉంది. కొత్త హెల్మెట్ వస్తే అది ఇంటాయన తలకు ఎక్కుతుంది, చివికిన పాతది ఇల్లాలికి దిగుతుంది. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో హెల్మెట్ లేకుండా మరణించినవారు దేశంలో 50,029 మంది. వారిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారు. ఆ సీటులో మన పల్లెల్లో ఎక్కువగా ఎవరు కూర్చుంటారో వేరే చెప్పనక్కరలేదు. కోయంబత్తూరు పోలీసులు 2023 జూన్‌లో వెనుక కూర్చున్నవారికి సైతం హెల్మెట్ తప్పనిసరి చేసి తనిఖీలు మొదలుపెట్టారు. భర్త తలకు సరిపోయే 600 కొలత చాలామంది స్త్రీల తలపై గిన్నె బోర్లించినట్లు తిరుగుతుంది. ఎత్తైన కొప్పు పైన అది అసలు దిగనే దిగదు. మెడ దగ్గర కిందికి వేసిన జడ అయితే అడ్డు రాదు. పూలు నలుగుతాయన్న బాధ నిజమే. దిగిన తర్వాత పెట్టుకోవడం తప్ప దానికి వేరే దారి కనబడదు. ఆమె కొలతకు విడిగా కొనాలి, ఆమె స్వయంగా దుకాణానికి వెళ్లి పెట్టుకుని చూడాలి. ఇద్దరికీ కలిపి రెండున్నర వేలు అయిందనుకుంటే, ఐదేళ్లకు పంచితే రోజుకు రూపాయిన్నర కూడా పడదు.

2019 సవరణ ప్రకారం నాలుగేళ్లు దాటిన పిల్లలకు సైతం హెల్మెట్ తప్పనిసరి. పిల్లల కొలతలు చిన్న ఊళ్ల దుకాణాల్లో అరుదు గనుక ముందుగా చెప్పి తెప్పించుకోవలసి ఉంటుంది. కొత్త బండి కొనేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలోని 138వ నిబంధన మేరకు బండితోపాటు హెల్మెట్ కూడా ఇవ్వాలి. షోరూములో అది చేతికి వచ్చినప్పుడే కొలత సరిచూసి మార్పించుకోవడం మేలు. పని ముగిసిన పాత హెల్మెట్‌ను పొలం బండికి ఉంచుకుందామనో, పాలేరుకు ఇద్దామనో దాచకుండా, దాని పట్టీ కోసి పారవేయాలి.