పెరటిలో తెల్ల లెగ్‌హారన్ కోడి

చేవెళ్ల, మొయినాబాదు పరిసరముల కోళ్ల షెడ్లలో గ్రుడ్లు తగ్గిన తెల్లపెట్టలను చవుకగా అమ్మివేయుట కలదు. మన విద్యార్థుల తలిదండ్రులు కొందఱు వానిని కొని పెరటిలో విడుచుచున్నారు. ఏడాదికి మున్నూరు గ్రుడ్లు పెట్టు కోడి యిదియే కదా యని వారి యాశ. నేనును అట్లే నాలుగు పెట్టలను కొని మోసపోయితిని. గింజలు చల్లగా అవి నేలను తడుముకొనినవే గాని గింజను పట్టుకొనలేకపోయినవి. ఒకదాని నొకటి పొడుచుకొనకుండుటకై షెడ్డువారు వాని ముక్కుకొనలు కత్తిరించియుండిరి!

కావున గ్రుడ్లకై కొనదలచినవారు ఇరువది వారములు నిండవచ్చిన పడుచుపెట్టలనే, ముక్కు చెడనివానినే, కొనవలెనని నా యభిప్రాయము. ఇటలీ దేశపు లివోర్నో రేవునకు ఆంగ్లేయులు పెట్టిన పేరే యీ జాతి పేరు. ఇది తేలికయొడలి కోడి. కూరకు ఆశించినవారికి నిరాశయే.

ముదురుపెట్టను కొనక తప్పనిచో ఒక సంగతి గమనింపవలెను. సంతలో మనవారు పసుపుపచ్చని కాళ్లు, నిగనిగలాడు ఈకలు చూచి మురిసిపోవుదురు. అది పొరపాటు. గ్రుడ్లు పెట్టు లెగ్‌హారన్ తన మేని పసుపును సొనకే ధారపోయును. నెలలు గడచినకొలది ముక్కు పాలిపోవును, పిదప కాళ్లు పాలిపోవును. ఏడాదిగా విడువక పెట్టుచున్నదని యమ్మువాడు చెప్పు పెట్టకు కాళ్లింకను పసుపుగ నున్నచో, అది యూరక తిని కూర్చున్నదని యెఱుగవలెను. తురాయి యెఱ్ఱగా మెత్తగా నుండవలెను. తోక క్రింది రెండెముకల నడుమ రెండు మూడు వ్రేళ్లు పట్టవలెను.

ఈ పెట్ట సాధారణముగా పొదుగదు. పిల్లలు కావలెనన్న దాని గ్రుడ్లను నాటుపెట్ట క్రింద పెట్టవలెను. తెల్లకోళ్లు వచ్చినవి గదా యని నాటుపెట్టలన్నిటిని కోసికొని తిన్న యింటివారు మరల పిల్లలకై డబ్బు పట్టుకొని తిరుగవలసినదే. మేతకు తవుడు, నూకలు చాలవు. ఒక్కొక్క గ్రుడ్డు పెంకులో సుమారు రెండు గ్రాముల కాల్షియము పోవును గనుక, పగులగొట్టిన గుల్లలను వేఱొక మూకుడులో నుంచవలెను. తెలుపు గ్రద్దకు దూరమునుండియే కనబడును. చెట్టునీడ, రాత్రికి గట్టి గూడు ఉండితీరవలెను. కొక్కెర తెగులునకు మొదటి వారముననే కంటిచుక్కలు వేయించి, పశువైద్యుడు చెప్పిన గడువున మరల టీకా వేయింపవలెను. దీనిని ఏమరినచో గంపెడు కోళ్లు వారములో పోవును.

గ్రుడ్లమ్మి బిడ్డకు నోటుపుస్తకములు కొనదలచిన తల్లి మఱియొకటి యోచింపవలెను. బలమున భేదము లేకున్నను, బజారులో తెల్లగ్రుడ్డునకు నాటుగ్రుడ్డు ధర రాదు. మేత కొనలేక కోళ్లను దొడ్డిలో తిరుగవిడుచు నింటికి లెగ్‌హారన్ తగదందును. 1988లో రాజేంద్రనగరున నెలకొన్న కోళ్ల పరిశోధన సంస్థవారు పెరళ్లకనియే వనరాజ, గ్రామప్రియ జాతులను రూపొందించిరి. రంగు ఈకల యా కోళ్లు గోధుమవన్నె గ్రుడ్లు పెట్టును. దాణాకు, టీకాకు చేయి వెనుదీయనివారే తెల్లకోడిని తెచ్చుకొందురు గాక.

నా నాలుగింటిలో ఒకటి మిగిలినది. లోతైన మట్టిమూకుడులో తడిపిన దాణా పెట్టినచో ముక్కు ముంచి తినుచున్నది. వారమునకు రెండు గ్రుడ్లు పెట్టును.