బ్యాగులు నేను చూసుకుంటాలే

మా ఇంట్లో ఎవరు ఎక్కడికి వెళ్లాలన్నా ప్లాన్ వేసేది నేనే. ఫోన్ నా చేతిలో ఉంటుంది, ఇంగ్లీష్ వచ్చు, పైగా కంప్యూటర్ సైన్స్. ఇంతకన్నా క్వాలిఫికేషన్ ఏం కావాలి? అందుకే పోయిన మే నెలలో ఫ్యామిలీ అంతా పారిస్ వెళ్లాలని తేలినప్పుడు అక్క ఫోన్ చేసి "ప్లాన్ నువ్వే చెయ్యరా" అంది. చేశాను. నాలుగు రోజులు, 23 ప్లేసులు. ఒక్కోదానికి ఎంతసేపు, ఒకదాని నుంచి ఇంకోదానికి ఎన్ని నిమిషాలు, అన్నీ స్ప్రెడ్‌షీట్‌లో రంగులు వేసి మరీ. మేలో అక్కడ రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుందని తెలిసి ఇంకో మూడు ప్లేసులు కలిపాను. క్లాసులో ట్రావెలింగ్ సేల్స్‌మన్ ప్రాబ్లమ్ చెప్పినప్పుడు కూడా అంత శ్రద్ధగా కూర్చోలేదు నేను.

ఆ షీట్‌లో ఒక్క కాలమ్ మర్చిపోయాను. అమ్మ మోకాలు.

ముందే చెప్పేస్తాను, ఇది ట్రావెల్ బ్లాగ్ కాదు. పారిస్ ఎంత బావుందో రీల్స్‌లో మీరు నాకన్నా ఎక్కువే చూసుంటారు. నేను చెప్పదల్చుకుంది వేరే. మనలో సగం మంది రెండు మూడేళ్లలో ఎమ్మెస్ అనో ఉద్యోగం అనో ఎక్కడో ఒక దేశంలో ఉంటాం. కాన్వొకేషన్‌కి అమ్మానాన్నల్ని పిలిపిస్తాం. "అన్నీ చూపించేద్దాం" అనుకుంటాం. నా అభిప్రాయం ఏంటంటే, ఆ "అన్నీ" అనే మాట దగ్గరే మనం తప్పు చేస్తున్నాం.

అక్క సంగతి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. అక్క నెదర్లాండ్స్‌లో ఉద్యోగం చేస్తోంది. ఈ ట్రిప్ కోసం రెండేళ్లు డబ్బులు దాచింది. మనిషికి 90 యూరోల వీసా ఫీజు దగ్గర్నుంచి ఫ్లైట్ టికెట్ల దాకా అన్నీ తనే పెట్టుకుంది. తనకి పారిస్ కోసం దొరికిన సెలవు నాలుగు రోజులే. నాన్న సర్వీసంతా కాకినాడ దాటలేదు, అమ్మ అసలు ఫ్లైట్ ఎక్కడం ఇదే మొదటిసారి. "మళ్లీ మళ్లీ వస్తారా వీళ్లు?" అని అక్క అన్నదాంట్లో తప్పేం లేదు. నా షీట్ కూడా ఆ మాట మీద కట్టిందే.

మొదటి రోజు పొద్దున్నే తెలిసింది ఏంటంటే, నేను చవగ్గా ఉందని బుక్ చేసిన రూమ్ లిఫ్ట్ లేని బిల్డింగ్‌లో మూడో ఫ్లోర్. అది నా తప్పే, పేజీలో రాసే ఉంది, నేను చదవలేదు. ఇక మెట్రో. పారిస్ మెట్రో 1900లో మొదలైంది. మొత్తం మీద 300 పైగా స్టేషన్లు. చాలా స్టేషన్లలో లిఫ్ట్ ఉండదు. 1998లో వచ్చిన 14వ లైన్ లాంటి కొత్తవాటిలో తప్ప మిగతా చోట్ల దిగడం, ఎక్కడం, లైన్ మారడం అంతా మెట్ల మీదే. ఫోన్‌లో మ్యాప్ "నడక 6 నిమిషాలు" అని చూపిస్తుంది. ఆ ఆరు నిమిషాల్లో ఎన్ని మెట్లున్నాయో చెప్పదు.

ఆర్క్ డి ట్రయంఫ్ పైకి 284 మెట్లు. నాన్న పంచె కట్టుకుని అన్నవరం కొండ ఎక్కినంత హుషారుగా ఎక్కేశారు. అమ్మ కింద ఆగిపోయింది. "మీరు వెళ్లి చూసి రండి, బ్యాగులు నేను చూసుకుంటాలే" అంది. సాయంత్రం మోంమార్త్ కొండ. సాక్రే కేర్ చర్చి దాకా పక్కన 222 మెట్లు. అక్కడ ఫ్యునిక్యులర్ అని చిన్న కొండరైలు లాంటిది ఉంది, దాని సంగతి ముందే చూసుకుని ఉంటే అమ్మ కూర్చుని పైకి వచ్చేది. నేను చూడలేదు. అమ్మ మళ్లీ కింద బెంచీ మీద, ఒళ్లో మా నలుగురి జాకెట్లు. "బ్యాగులు నేను చూసుకుంటాలే."

ఈ డైలాగ్ మీ ఇంట్లో కూడా వినే ఉంటారు. బీచ్‌లో, ఎగ్జిబిషన్‌లో, వాటర్ పార్క్‌లో. చిన్నప్పట్నుంచీ నేను దాన్ని ఒక సౌకర్యంగానే విన్నాను. బ్యాగులకి మనిషి దొరికింది, మనం వెళ్లొచ్చు. దానికి "నాకు చేతకావట్లేదు, ఆ మాట అంటే మీరు ఆగిపోతారు" అనే అర్థం ఉందని పంతొమ్మిదేళ్లకి, పారిస్‌లో తెలిసింది.

రెండో రోజు ఈఫిల్ టవర్ దగ్గర గొడవైంది. నలుగురికీ ముందే టికెట్లు కొన్నాం, లిఫ్ట్‌లోనే పైకి. మెట్లు లేవు కదా అని నేను ధీమాగా ఉన్నాను. కానీ సెక్యూరిటీ క్యూ, తర్వాత లిఫ్ట్ క్యూ. అన్నిట్లోనూ నిలబడాలి. గంట నిలబడేసరికి అమ్మ "నేను ఇక్కడే కూర్చుంటాను" అంది. అక్క ఊరుకోలేకపోయింది. "అమ్మా, ఈఫిల్ టవర్ దాకా వచ్చి ఈఫిల్ టవర్ ఎక్కకపోతే ఎలా? టికెట్ డబ్బులు పోతాయి." అమ్మ ఏమీ అనలేదు. మేం ముగ్గురం ఎక్కాం. 330 మీటర్ల టవర్, 1889లో ఎగ్జిబిషన్ కోసం కట్టింది, పైనుంచి ఊరంతా తెల్లగా, లెక్కపెట్టి గీసినట్టుంది. నాన్న కాసేపు చూసి "మన యానాంలో కూడా ఇలాంటిది కట్టారుగా" అన్నారు. మామూలుగా అయితే ముగ్గురం పడీ పడీ నవ్వేవాళ్లం. యానాం 1954 దాకా ఫ్రెంచ్ వాళ్ల చేతుల్లోనే ఉందని నాన్న చెప్పుకుపోతున్నారు, అక్క కిందకే చూస్తోంది. అంత ఎత్తు నుంచి బెంచీ మీద మనిషి కనపడదు.

ఆ రాత్రి అమ్మ మోకాలు వాచింది. అక్క ఏడుస్తూ బామ్ రాస్తోంది. "ముందే ఎందుకు చెప్పలేదమ్మా?" అంటే అమ్మ అన్న మాట: "నువ్వు రెండేళ్లు దాచుకున్నావే. నా కాలు వల్ల పాడైందనిపించుకోమంటావా?"

నేను పొద్దున్నుంచి నాలుగుసార్లు అడిగాను, "అమ్మా, నొప్పిగా ఉందా?" అని. నాలుగుసార్లూ "లేదు నాన్నా" అంది. ఆ ప్రశ్నే తప్పని నాకిప్పుడు అనిపిస్తుంది. అవునంటే ట్రిప్ ఆపిన మనిషి అవుతుంది, కాదంటే నడవాలి. అలాంటి ప్రశ్నకి ఏ అమ్మ అవునంటుంది? "నాకు కాళ్లు లాగుతున్నాయి, కాసేపు కూర్చుందామా" అని ఉంటే కూర్చునేది.

మూడో రోజు షీట్ పక్కన పెట్టేశాం. నాన్నే "బస్సుల్లేవేంట్రా ఈ ఊళ్లో?" అని అడిగారు. అంత సింపుల్ ప్రశ్న నాకు తట్టలేదు, ఎందుకంటే మెట్రో ఫాస్ట్ అని షీట్‌లో బస్ కాలమే పెట్టలేదు. పారిస్ బస్సులు కిందకి ఉంటాయి, ఎక్కడానికి మెట్లుండవు. అప్పుడు మెట్రో టికెట్ రెండున్నర యూరోలు, బస్ టికెట్ 2 యూరోలు. 69వ నంబర్ బస్ ఈఫిల్ టవర్ దగ్గరున్న షాన్ ద మార్స్ నుంచి ఓర్సే మ్యూజియం, లూవ్ర్, సిటీ హాల్, బస్తీల్ మీదుగా పెర్ లాషేజ్ వైపు వెళ్తుంది. టూరిస్ట్ బస్ వాళ్లు బోలెడు యూరోలు తీసుకుని చూపించేది చాలావరకు ఆ దారిలోనే ఉంది. అమ్మకి కిటికీ సీటు దొరికింది. మొదటి రెండు రోజుల్లో మా వెనక నడిచిన మనిషి, ఆ బస్‌లో మాకే చూపించడం మొదలుపెట్టింది. బాల్కనీల్లో పూలకుండీలు, కుక్కపిల్లని బ్యాగులో వేసుకుని ఎక్కిన ముసలావిడ, చంకలో పొడుగాటి బ్రెడ్ పెట్టుకుని, కవరైనా లేకుండా వెళ్తున్న పెద్దాయన. "దుమ్ము పడదూ?" అని అమ్మ బాధ.

మధ్యాహ్నం లూవ్ర్. ఒకప్పటి రాజుల కోట, 1793లో మ్యూజియం చేశారు. 2024లో దాదాపు 87 లక్షల మంది వచ్చారట, అందులో ఎక్కువమంది ఎవరి కోసం వచ్చారో తెలిసిందే. మోనాలిసా బొమ్మ ఎత్తు 77 సెంటీమీటర్లు, అంటే రెండున్నర అడుగులు. గాజు వెనక ఉంటుంది. ముందు వందలమంది, అందరి చేతులూ పైకి, ప్రతి చేతిలో ఒక ఫోన్. అమ్మ ఆ జనాన్ని చూసి "మీరు వెళ్లి రండి" అంది. ఈసారి బ్యాగులు లాకర్‌లో ఉన్నాయి, సాకు కూడా లేదు. మేం క్యూలో ముందుకెళ్లి ఒక అర నిమిషం చూసి, రెండు సెల్ఫీలు తీసుకుని వచ్చేసరికి అమ్మ మోనాలిసాకి వీపు పెట్టి ఎదురు గోడ వైపు చూస్తోంది.

ఆ గోడ మీద ఉన్నది లూవ్ర్‌లో అన్నిటికన్నా పెద్ద పెయింటింగ్. దాదాపు పది మీటర్ల వెడల్పు. వెరొనేసే అనే ఆయన 1563లో వెనిస్‌లో ఒక మఠం భోజనాల గదికి వేసిన బొమ్మ, 1797లో నెపోలియన్ సైన్యం పట్టుకొచ్చేసింది. బైబిల్లో కానా ఊరి పెళ్లి, యేసు నీళ్లని ద్రాక్షారసంగా మార్చిన కథ. ఇదంతా నేను తర్వాత ఫోన్‌లో చదివాను. అమ్మ ఏమీ చదవకుండానే నాకు చెప్పడం మొదలుపెట్టింది.

"ఇది పెళ్లి భోజనంరా. అటు చూడు, జాడీలోంచి పోస్తున్నాడు. మధ్యలో వాయించేవాళ్లు. పైన చూశావా, వంటవాళ్లు ఇంకా కోస్తూనే ఉన్నారు. పంక్తి సగంలో ఏదో అయిపోయుంటుంది. కుక్కలు కూడా వచ్చేశాయి." తర్వాత వెతికి వెతికి ఎడమ చివర చూపించింది. "పెళ్లికూతురు, పెళ్లికొడుకు అదిగో ఆ మూల. భోజనాల హడావుడిలో పెళ్లివాళ్లని ఎవరూ పట్టించుకోవట్లేదు. ఎక్కడైనా అంతే."

రోజూ వేలమంది మోనాలిసా కోసం ఆ బొమ్మకి వీపు పెట్టి నిలబడతారు. నేనూ నిలబడ్డాను. అమ్మ అక్కడ ఇరవై నిమిషాలు చూసింది, నా షీట్‌లో ఆ గదికి రాసింది పది నిమిషాలు.

ఇప్పుడు మీరు అడగొచ్చు, అంత డబ్బు పెట్టి వెళ్లి బస్‌లో కూర్చుని రావాలా అని. అక్క కూడా అదే అడిగింది, ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోదు. తన వాదనలో న్యాయం ఉంది. నాన్న సంగతి చూడండి, ఆయనకి అన్నీ ఎక్కాలి, అన్నిటి దగ్గరా ఫోటో దిగాలి, ఆఫీస్ గ్రూప్‌లో పెట్టాలి. ఆయన సంతోషం కూడా నిజమే. "నిదానంగా చూడండి, తక్కువ చూడండి" అని ఆయనకి క్లాసు పీకడానికి నేనెవర్ని? అందుకే అందరూ అమ్మలాగే చూడాలని నేను అనట్లేదు. ఎక్కేవాళ్లు ఎక్కండి. కానీ బ్యాగుల డ్యూటీ ప్రతిసారీ ఒకే మనిషికి పడుతుంటే, అది ఫ్యామిలీ ట్రిప్ కాదు, ముగ్గురి ట్రిప్. వంతులు వేసుకోవాలి. ఒకసారి నేను అమ్మతో కింద కూర్చుంటా, ఒకసారి అక్క కూర్చుంటుంది.

ఇంకోటి. ప్లాన్ వేసేటప్పుడు అడగాలి. నేను 23 ప్లేసులు రాశాను, అందులో ఒక్కటి కూడా అమ్మని అడిగి రాయలేదు. "అమ్మకి పారిస్‌లో ఏం తెలుసు" అనుకున్నాను. నాకు మాత్రం ఏం తెలుసు? నేను కూడా ఎవరో ఇంగ్లీష్‌లో రాసిన టాప్ 20 లిస్టు చూసే రాశాను. ఇంగ్లీష్ మీడియం చదువులు మనకి ఇచ్చిన ఒక జబ్బు ఇది. ఇంగ్లీష్‌లో ఉన్నదాన్ని చదవగలం కాబట్టి, చదవలేనివాళ్లకన్నా మనకి ఎక్కువ కనిపిస్తుందనుకుంటాం.

నాలుగో రోజు రైలుకి ముందు మూడు గంటలు మిగిలాయి. షీట్ ప్రకారం అయితే రెండు ప్లేసులు పట్టేవి. నోత్ర్ దామ్ చర్చి చూశాం, 2019లో కాలిపోయి 2024 డిసెంబర్‌లో మళ్లీ తెరిచారు, లోపలంతా కొత్త సున్నం వేసిన ఇల్లులా తెల్లగా ఉంది. తర్వాత నది దాటి ఎదురుగా ఉన్న చిన్న పార్కులో కూర్చున్నాం. అక్కడ ఒక ముసలి చెట్టు ఉంది, 1600ల మొదట్లో నాటారంటారు, పడిపోకుండా సిమెంటు ఊతం పెట్టారు. అమ్మ దాన్ని కాసేపు చూసి "దీనికీ నాలాగే కాళ్లు నెప్పులు" అంది. అక్క మొదటిసారి నవ్వింది. రూమ్‌లో చేసుకొచ్చిన పులిహోర తిన్నాం. బ్యాగులు నలుగురి మధ్యలో ఉన్నాయి.

ఇంటికొచ్చాక పక్కింటి పిన్నిగారు అమ్మని "ఈఫిల్ టవర్ ఎక్కారా?" అని అడిగారు. "లేదండి, పిల్లలు ఎక్కారు" అని, వెంటనే పెళ్లి భోజనం బొమ్మ గురించి చెప్పడం మొదలుపెట్టింది. వంటవాళ్ల దగ్గర్నుంచి కుక్కల దాకా. అరగంట.

దసరా సెలవులకి అరకు వెళ్దాం అనుకుంటున్నాం. ఈసారి పెన్నూ కాగితం అమ్మకిచ్చాను. రెండే రాసింది. ఒకటి రైల్లో కిటికీ సీటు. రెండోది ఇంకా చెప్పనంది.