చాటున మెచ్చి చాటి నిందించుట

మనలో చదువుకొన్నవారమని పేరు పొందినవారికి రెండు చెవులున్న సంగతి యెల్లరెరిగినదే. వానిలో నొకటి సభలో వినుటకును, రెండవది తలుపు వేసికొని వినుటకును నియమింపబడినవన్న సంగతిని మాత్రము పలువురొప్పుకొనరు. సభలో కూర్చున్నప్పుడు రాగతాళముల మర్మమంతయు నెరిగినట్లు తలయూపుదురు. బజారు పాట వినవచ్చినచో ముఖము చిట్లింతురు. ఇంటికి పోయి గడియ వేసికొన్న పిమ్మట ఆ బజారు పాటనే కూనిరాగము తీయుదురు. ఎవరైన పట్టుకొన్నచో, తప్పని తెలిసియు విడువలేని బలహీనత యని నవ్వి తప్పించుకొందురు. ఇంగ్లీషు చదివినవారు ఈ బలహీనతకొక ముద్దుపేరు కూడ నేర్చి, దానిని వినయముగా చెప్పికొనుచున్నారు. అది వినయము కాదనియు, కపటమనియు, ఆ కపటమువలన ఇతరులకు, ముఖ్యముగా చిన్నవారికి, కీడు కలుగుచున్నదనియు చూపుట యీ వ్యాసముయొక్క యుద్దేశము.

ఇతరులను నిందించుటకు ముందు మా దోషమును మేమే చెప్పికొనుట న్యాయము. మంకీస్ అను అమెరికా వాద్యబృందముయొక్క పాటలన్న మాకు చాలకాలమునుండి ప్రీతి. ఆ బృందము తనంత తాను పుట్టినది కాదు. టెలివిజను వ్యాపారులు కూర్చి అంగట పెట్టినది. ఈ సంగతి తెలిసినవారమగుటచేత ఆ ప్రీతిని ఇరువదియేండ్లు దాచితిమి. మిత్రులు వచ్చినప్పుడు మా యింట వినబడు పాటలు వేరు. రాత్రివేళ హెడ్‌ఫోనులు తగిలించుకొని మేము వినునవి వేరు.

ఇట్లుండగా మా తమ్ముని కుమార్తె, పదునాలుగేండ్ల పిల్ల, సెలవులకు మా యింటికి వచ్చి, తాను పడుకొను గదిగోడకు దక్షిణ కొరియా గాయకబృందమొకదాని పటము నంటించుకొన్నది. అతిథులు నలుగురు చూచుచుండగా మేమా పటమును చూపి, "వీరు పాడువారా, బొమ్మలకొలువులోని బొమ్మలా?" యని పరిహసించితిమి. అందరును నవ్విరి. పిల్లయు నవ్వినది. మరునాటి యుదయమున గోడపై పటము లేదు. అంతకుముందు రోజంతయు పాడుచుండిన యా పిల్ల నోట పాటయు లేదు. ఆనాటి రాత్రి మేము మా మంకీసును వినుచుండగా, మంచినీళ్లకై లేచి వచ్చిన యా పిల్ల మమ్ము చూచి, "ఎవరి పాట పెదనాన్నా, అంత సంతోషంగా వింటున్నారు?" అని యడిగినది. "ఏవో పాత పాటలమ్మా" యని చెప్పి ఆపివేసితిమి. ఆ బొంకే మాచేత నీ వ్యాసమును వ్రాయించుచున్నది.

మంకీసు కథ తెలియనివారికి కొంత చెప్పవలసియున్నది. బీటిల్స్ బృందమువారి అల్లరిని చూపు చలనచిత్రము 1964లో వెలువడి మిక్కిలి ధనము తెచ్చినది. అట్టి యల్లరినే వారమువారము అర్ధగంటసేపు ఇంటింట చూపినచో లాభకరముగా నుండునని బాబ్ రాఫెల్సన్, బర్ట్ ష్నైడర్ అను నిర్మాతలు తలచిరి. 1965 సెప్టెంబరులో, కొంటె కుర్రవాండ్రు నలుగురు కావలెనని హాలీవుడ్ వ్యాపార పత్రికలలో ప్రకటించిరి. 437 మంది వచ్చిరి. తుదకు డేవీ జోన్స్, మిక్కీ డోలెంజ్, మైకేల్ నెస్మిత్, పీటర్ టోర్క్ అను నలుగురు నియమింపబడిరి. మొదటి యిరువురు నటులు. కడపటి యిరువురు సంగీతము తెలిసినవారు. 1966 సెప్టెంబరు 12వ తేదీన ఎన్.బి.సి. వారి టెలివిజనులో ప్రదర్శనము మొదలయ్యెను.

పాటల పెత్తనము డాన్ కిర్ష్నర్ అను వ్యాపారదక్షునిది. పాటలు వ్రాయువారిని అతడు నియమించును. వాద్యములు వాయించువారిని అద్దెకు తెచ్చును. నలుగురు కుర్రవాండ్రును వచ్చి గొంతు నిచ్చి పోవలయును. ప్రదర్శనము రికార్డులకు ప్రకటనగాను, రికార్డులు ప్రదర్శనమునకు ప్రకటనగాను పనిచేసెను. మొదటి సంపుటము అమెరికాలో 13 వారములు అగ్రస్థానమున నిలిచినది. దానిని త్రోసివేసి రెండవ సంపుటము 18 వారములు నిలిచినది. 1967 జనవరిలో ఆ రెండవది వెలువడిన సంగతి ఆ బృందమువారికే ముందుగా తెలియదు. ఊరూర పాడుచు తిరుగుచుండిన వారు, ఒక యంగడిలో తమ రికార్డును తామే కొని చూచుకొనవలసివచ్చెను.

ఇట్టి బృందమును మెచ్చుట సిగ్గుచేటని చెప్పువారు మూడు నిందలు మోపుచున్నారు. వానిని వరుసగా విచారింతము.

మొదటిది, ఇది సొమ్ముకొరకు కూర్చబడినదని. నిజమే. కుండ కొనువాడు దానిని వ్రేలితో వాయించి చూచునుగాని, కుమ్మరి దీనిని ధర్మార్థము చేసెనా, సొమ్ముకై చేసెనా యని యడుగడు. వీరికై 'ఐయామ్ ఎ బిలీవర్' అను పాటను వ్రాసినవాడు నీల్ డైమండ్. మరికొన్ని పాటలను వ్రాసినవారు కరోల్ కింగ్, జెర్రీ గాఫిన్ దంపతులు. వీరి పనితనమును మెచ్చనివారరుదు. అదే పాటను ఆ రచయిత తాను పాడినచో గౌరవమును, అంగడికై కూర్చిన నలుగురు పాడినచో అగౌరవమును చూపుట పాటను విని చేసిన విమర్శ కాదు. చీటీని చదివి చేసిన విమర్శ. మన చలనచిత్రములలోని పాటలలో నేది సొమ్ము నాశించు నిర్మాత కూర్చనిది? అయినను వానిలో మంచివానిని తాతలు మనుమలకు నేర్పుచున్నారు గదా.

రెండవది, వీరు వాద్యములను తామే వాయింపలేదని. ఈ నిందనే పత్రికలు 1967లో పెద్దగొంతుతో చాటినవి. బైర్డ్స్ బృందమునకు కీర్తి తెచ్చిన 1965 నాటి మొదటి రికార్డులో, ఆ బృందమువారిలో నొక్కడు తప్ప తక్కినవారెవ్వరును వాయింపలేదు. బీచ్ బాయ్స్ వారి 1966 నాటి 'పెట్ సౌండ్స్' సంపుటమున వాద్యములు చాలవరకు లాస్ ఏంజిలెస్ నగరమందలి యద్దె వాద్యకారులవే. ఆ సంపుటమును నేడు విమర్శకులు తలపై పెట్టుకొనుచున్నారు. ఒకే పని ఒకరియెడ కళయు, మరియొకరియెడ మోసమునెట్లగును?

తెలుగువారమైన మన మీ నిందను తలకెక్కించుకొనుట మరింత విడ్డూరము. 1957 నాటి మాయాబజారులో భోజనమునకు కూర్చున్న ఘటోత్కచుడు ఎస్.వి. రంగారావు, ఆ పాట పాడిన గొంతు మాధవపెద్ది సత్యముది. నందమూరి రామారావునకును, అక్కినేని నాగేశ్వరరావునకును ఘంటసాల పాడెను. ఇది మోసమని ఏ తెలుగువాడును టిక్కెట్టు సొమ్ము తిరిగి యడుగలేదు. రూపమొకరిది, గొంతొకరిది, మాటయొకరిది, వాద్యమొకరిది యైనను అన్నియు గూడి యొక్క పాటయగుట మనకు పుట్టుకతో తెలిసిన విద్య. మంకీసు గొంతైనను తమదే యిచ్చిరి.

అంతటితో తృప్తిపడక, తామే వాయింపవలెనని వారు పట్టుపట్టిరి. నెస్మిత్ ఈ వివాదములో కోపమాపుకొనలేక హోటలు గోడను పిడికిలితో పగులగొట్టెను. 1967 ప్రారంభముననే కిర్ష్నర్ తొలగింపబడెను. ఆ మే నెలలో వెలువడిన 'హెడ్‌క్వార్టర్స్' అను సంపుటమున వారు చాలవరకు తామే వాయించిరి. అది అమెరికాలో ఒక వారము అగ్రస్థానమున నుండి, బీటిల్స్ వారి 'సార్జెంట్ పెప్పర్' రాగానే రెండవ స్థానమునకు దిగెను. నిందించినవారు నిందించుట మానిరా? మానలేదు. ఏలయన వారు మొదటి సంపుటమును విని నిందింపలేదు. కావున మూడవదానిని విని మానుటకు కారణము లేకపోయెను. 1986లో ఎం.టి.వి. వారు పాత ప్రదర్శనములను మరల చూపగా క్రొత్తతరమువారు ఆదరించిరి. 2016లో ఏబదవ సంవత్సరమున వెలువడిన సంపుటమును విమర్శకులును మెచ్చిరి. జోన్స్ 2012లోను, టోర్క్ 2019లోను, నెస్మిత్ 2021లోను గతించిరి. ఆ మెప్పు వినుటకు జోన్స్ లేకపోయెను.

కిర్ష్నర్ కథ కొంత మిగిలియున్నది. ఎదురు చెప్పు కుర్రవాండ్రతో విసిగిన యాతడు బొమ్మలను పట్టుకొనెను. ఆర్చీస్ అను బృందము కేవలము గీసిన బొమ్మల బృందము. గొంతు, వాద్యము అద్దెవి. వారి పేర వెలువడిన 'షుగర్, షుగర్' 1969లో అమెరికాలో నాలుగు వారములు అగ్రస్థానమున నిలిచినది. ఇది వినిన పిమ్మట ఆ పాట చెడ్డదని చెప్పిన మా వాదమునకు సొగసుగా నుండెడిది. కాని మా చెవికది తీయగానే యున్నది. చెవి మెచ్చినదానిని వాదముకొరకు మార్చి చెప్పినచో మేము ఖండించుచున్న కపటమునే మేమును చేసినవారమగుదుము.

మూడవ నింద యొక్కటే నిలుచునది: ఈ సరకును పిల్లలకు మితిమీరి యమ్మిరని. ఇది సత్యము. పలహారపు డబ్బాలు, ఆటబొమ్మలు, పత్రికలు, టోపీలు, అన్నిటిమీదను ఆ నాలుగు ముఖములే. ప్రదర్శనమునకు ధనసహాయము చేసినవారిలో కెల్లాగ్స్ అను అల్పాహారపు కంపెనీ యొకటి. పాటకై వచ్చిన పిల్లవానికి పాటతోపాటు పది వస్తువులంటగట్టిరి. సిగ్గుపడవలసినచో ఇచ్చట సిగ్గుపడవలయును. కాని మన పెద్దమనుషుల సిగ్గు తారుమారైనది. చెవి తనకు తెలిసినంతలో న్యాయముగా తీర్పు చెప్పినందుకు సిగ్గుపడుదురు. సంచి మోసపోయినందుకు పడరు.

మా యింటి పిల్ల విషయమున మేము చేసిన తప్పును ఇదియే. నేటి కొరియా బృందముల సంపుటములలో గాయకుల చిత్రపుచీటీలుండును. ఎవరి చీటీ వచ్చునో విప్పువరకు తెలియదు. కోరిన చీటీ దొరకువరకు పిల్లలు అదే సంపుటమును మరల మరల కొనుచున్నారు. గాయకులను కలిసికొను నవకాశమునకు చీట్లు వేసి, ఎక్కువ సంపుటములు కొన్నవారికి ఎక్కువ చీట్లిచ్చు పద్ధతియు కలదు. ఇది లాటరీకి దగ్గర చుట్టము. ఈ సంగతిని పిల్లతో కూర్చుండి మాటాడినచో ఆమెకు మేలు కలిగెడిది. మేమా పని చేయక పాటను నవ్వితిమి. ప్రీతిని పరిహసించిన వారి బుద్ధులను పిల్లలు వినరు. వినవలసిన పనియు లేదు. కావున వ్యాపారి చెక్కుచెదరలేదు, పిల్ల పాట మాత్రము పోయినది.

ఈ పరిహాసములో స్త్రీలయెడ నన్యాయము కూడ దాగియున్నది. బాలికలు గుమిగూడి మెచ్చిన దేదైనను తేలికది యని తలచుట లోకమున వాడుక. బీటిల్సును చూచి బాలికలు కేకలు వేసిన దినములలో పెద్దలు బీటిల్సునే నవ్విరి; పురుషులు గ్రంథములు వ్రాయ మొదలిడిన పిమ్మట అదే సంగీతము గంభీరమయ్యెను. మన యూళ్లలో హీరో చిత్రము విడుదలయైననాడు యువకులు నిలువెత్తు బొమ్మకు పాలాభిషేకము చేయుదురు. దానిని అభిమానమందురు. ఒక పిల్ల గోడకు జానెడు పటమంటించుకొన్నచో దానిని పిచ్చి యందురు. పాలు పోయువానికి లేని సిగ్గు పటమంటించుకొన్నదానికేల?

మంచిచెడ్డల భేదమే లేదని మేము చెప్పుచున్నట్లు కొందరు శంకింపవచ్చును. అట్లు చెప్పుట లేదు. కూర్చబడిన బృందముల పాటలలో చప్పనివి పెక్కు. మంకీసు పాటలలోను మేము మరల విననివి చాల గలవు. పేలవమైనదానిని పేలవమని చెప్పుట విమర్శకుని ధర్మము. మేము కోరునది, విని చెప్పుడని. విన్నదానిని మెచ్చినచో, పగటివేళను మెచ్చినట్లే చెప్పుడని. చాటున మెచ్చినదానిని చాటి నిందించువాని తీర్పునకు విలువ లేదు. అతడు త్యాగరాజ కృతిని మెచ్చినను అది చెవి మెప్పో, సభ మెప్పో యెవరికి తెలియును?

తరువాతి సెలవులకు ఆ పిల్ల వచ్చినప్పుడు మేము జరిగినదంతయు నొప్పుకొని, మంకీసు పాటయొకటి వినిపించి, పాత ప్రదర్శనమొకటి చూపితిమి. నెస్మిత్ తలపైనున్న ఉన్ని టోపీని చూచి ఆమె మిక్కిలి నవ్వినది. "పాట బాగుంది పెదనాన్నా. ఆ టోపీ మాత్రం మా వాళ్ళెవరూ పెట్టుకోరు" అన్నది. పిమ్మట చిత్రపుచీటీల సంగతి మాటాడితిమి. తాను ఎన్ని సంపుటములు కొన్నదో ఆమెయే లెక్కపెట్టి చెప్పినది. గోడపై పటము మరల నున్నది.

చదువరులారా, మీ యింటను దాచిన పాటయొకటి యుండకపోదు. రేపు మీ పిల్లలెవరైన మీరు వినునదేమని యడిగినచో, యంత్రము నాపక, పాటపేరు చెప్పుడు.