నాన్న పేరు చెప్తేనే పైసలు అంటే

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

"ఒంటరి మహిళ పెన్షన్ తీసుకునేటోళ్లు ముందు పిల్లల తండ్రి మీద కేసు వెయ్యాలని రూల్ పెట్టాలి. వాడు కని వదిలేసిపోతే గవర్నమెంట్ ఎందుకు పోషించాలి?" ఈ మాట హాస్టల్ రూముల్లో చాలాసార్లు విన్నాను. అనేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. కాంట్రాక్టు పని మీద ఏజెన్సీకి వచ్చి, మన ఆడపిల్లను నమ్మించి, బిల్లు పాసవగానే మాయమైపోయినోడి మీద నాకూ కోపమే. ఆ కోపంతో తల్లికొచ్చే పెన్షన్‌ని పట్టుకోవడం దగ్గరే నాకు తేడా వస్తోంది.

ఇలాంటి రూల్ అమెరికాలో ఎప్పటినుంచో నడుస్తోంది. 1975లో మొదలైంది. 1996లో క్లింటన్ సంతకం చేసిన సంక్షేమ చట్టం ఇంకా బిగించింది. పిల్లలున్న పేద కుటుంబాలకు ఇచ్చే నగదు సాయాన్ని అక్కడ టాన్ఫ్ అంటారు. అది కావాలంటే తల్లి, తండ్రి పేరు చెప్పాలి, అతను ఎక్కడుంటాడో తెలిసింది చెప్పాలి, పిలిచినప్పుడల్లా ఆఫీసుకు పోవాలి, అవసరమైతే బిడ్డకు డిఎన్ఏ పరీక్ష చేయించాలి. సహకరించలేదని తేలిస్తే సాయంలో కనీసం 25 శాతం కోత. రాష్ట్రం తలుచుకుంటే మొత్తం ఆపేయొచ్చు. కొట్టే మనిషి అయితే మినహాయింపు ఉంది, కాదనను. కానీ అది అడగాలంటే తన్నులు తిన్న సంగతి ముక్కూ మొహం తెలియని గుమస్తా ముందు చెప్పుకోవాలి.

అసలు కథ ఇంకోటుంది. సాయం తీసుకునేటప్పుడే, తండ్రి కట్టే భరణం మీద తన హక్కును తల్లి ప్రభుత్వానికి రాసిచ్చేయాలి. అంటే తండ్రి దగ్గర వసూలు చేసిన డబ్బులో ఎక్కువ భాగం, చాలా రాష్ట్రాల్లో, బిడ్డ చేతికి రాదు. ఇచ్చిన సాయం కింద ప్రభుత్వమే జమ చేసుకుంటుంది. కొన్ని రాష్ట్రాలు కొంత వదులుతాయి, కొలరాడో మాత్రం 2017 నుంచి మొత్తం కుటుంబానికే ఇస్తోంది. తండ్రి వైపు నుంచి ఆలోచించండి. తను కట్టింది బిడ్డకు చేరదని తెలిశాక ఆఫీసులో ఎందుకు కడతాడు? కట్టగలిగినోడు కూడా దాక్కుంటాడు, లేదా చీకట్లో వచ్చి తల్లి చేతిలో నాలుగు నోట్లు పెట్టి పోతాడు. అది దొరికితే మళ్లీ తల్లికే తిప్పలు.

ఇప్పుడు మనకు దగ్గరి విషయం. అదే 1996 చట్టం అక్కడి ఆదివాసీ తెగలకు సొంతంగా భరణం ఆఫీసులు నడుపుకునే వీలిచ్చింది. 2004లో వచ్చిన నిబంధనల్లో ఒక మంచి మాట ఉంది: తెగ ఒప్పుకుంటే భరణం నగదుగానే కట్టక్కర్లేదు, వస్తువుగానో పనిగానో ఇవ్వొచ్చు. కట్టెలు తెచ్చెయ్యొచ్చు, ఇల్లు బాగుచెయ్యొచ్చు, దానికి డాలర్లలో విలువ కట్టుకుంటారు. చదివినప్పుడు సంబరపడ్డాను, ఎందుకంటే జీతం స్లిప్పు లేని మనిషి బాధ్యత మనకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? పోడు దున్నిపెట్టడం, ఇల్లు కప్పడం, కుండెడు జొన్నలు పంపడం, ఇవన్నీ మన పెద్దల పంచాయితీల్లో లెక్కకొచ్చేవే. అయితే కిందే ఇంకో లైను ఉంది. తల్లి సాయం తీసుకుని హక్కు రాసిచ్చి ఉంటే, ఆ బాకీకి కట్టెలు చెల్లవు. మరి, ప్రభుత్వం కట్టెలు ఏం చేసుకుంటుంది! బిడ్డ ఇంట్లో పొయ్యి వెలిగినా బాకీ బాకీగానే ఉంటుంది. ఈ ఒక్క లైను చాలు, రూలు ఎవరి కోసమో తెలియడానికి.

మన దగ్గరికి వద్దాం. తెలంగాణలో ఒంటరి మహిళల పెన్షన్ 2017లో నెలకు 1,000 రూపాయలతో మొదలైంది. దానికి "ముందు కేసు నంబర్ చూపించు" అని తగిలిస్తే ఏమవుతుందో మన ఊళ్లు తెలిసినవాళ్లకు నేను చెప్పాలా? కోర్టుకు పోను ఒక రోజు, రాను ఒక రోజు, కూలి పోతుంది, పైన ఆటో, బస్సు ఖర్చులు. అవతలోడి అడ్రస్ సరిగ్గా లేక నోటీసు తిరిగొస్తే అది కూడా ఆమె సహకరించనట్టే రాస్తారు. పెద్దమనుషుల ఒత్తిడి, వాడి తరపువాళ్ల బెదిరింపు వేరే. పెళ్లి కాని తల్లి తండ్రి పేరు చెప్పి తీరాలని బలవంతం చేయకూడదని సుప్రీంకోర్టే 2015లో, ఢిల్లీ నుంచి వచ్చిన ఒక గార్డియన్‌షిప్ కేసులో చెప్పింది. కోర్టు అడగనిది పెన్షన్ ఆఫీసు అడగాలా?

అలాగని తండ్రిని వదిలేయమనడం లేదు. హిందూ వివాహ చట్టం ఎస్టీలకు మామూలుగా వర్తించదు కాబట్టి మనకు మనోవర్తి రాదని కొందరు అనుకుంటారు. తప్పు. పాత సీఆర్‌పీసీ 125, 2024 జూలై 1 నుంచి బీఎన్‌ఎస్‌ఎస్ 144, అందరికీ వర్తిస్తుంది. పెళ్లి జరక్కపోయినా బిడ్డకు హక్కుంది. 1987 చట్టం ప్రకారం ఎస్టీలకు, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇవ్వాలి. ఆ లాయర్ ఊరికి రావాలి, వసూలైన ప్రతి రూపాయీ బిడ్డకే పోవాలి, కేసు వేసినా వెయ్యకపోయినా పెన్షన్ ఆగకూడదు. మీరు అడగాలనుకునే రూల్ ఇలా ఉంటే నేనూ మీతో వచ్చి సంతకం పెడతా.

గ్రూపులో లా చదువుతున్న అన్నలు, అక్కలు చాలామంది ఉన్నారు. ఈ సెలవుల్లో ఊరికి పోయినప్పుడు ఇలాంటి తల్లులు ఎవరైనా ఉంటే, వాళ్లు ఇష్టపడితేనే, లీగల్ సర్వీసెస్‌కి దరఖాస్తు రాసిపెట్టండి. ఎవరు ఏ మండలం చూస్తారో కింద రాయండి. ఆ తల్లుల పేర్లు మాత్రం ఇక్కడ పెట్టొద్దు.